గన్‌కి కావాల్సింది అర ఈల గాలి

(ఇంటి దగ్గరే చిన్నగా పౌడర్ కోటింగ్, అంటే ఇనుము మీద పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చి అంటించే పని, మొదలుపెట్టినవాళ్లతో నెల్లూరు ఆటోనగర్‌లో ఒక ఆదివారం ఉదయం మాట్లాడిన మాటల పాఠం)

గాలి ప్రెషర్ చూపే గేజీలు తెచ్చినవాళ్లు ఈ బల్ల మీద పెట్టండి. చీటీ మీద పేరు రాసి అంటించండి, లేకుంటే పొయ్యేటప్పుడు ఎవరిది ఎవరి సంచిలోకి పోతుందో చెప్పలేం. అద్దం పగిలింది కూడా ఒకటి వచ్చిందే! పర్లేదు సామీ, దాని సంగతీ చూద్దాం. ముందు మాట్లాడుకుందాం, తర్వాత మేడ మీదికి పోదాం. మేడ మీద ఏముందా అంటే, అప్పుడు చెప్తా.

నేను ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేశాను. ముల్లు ఎందుకు ఆగిందో, ఎందుకు వణుకుతుందో చూడటమే ఉద్యోగం. రిటైరైనాక పొదలకూరు రోడ్డులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక కప్పు గన్నూ (పౌడర్ కప్పు తగిలించి గాలితో చల్లే గన్) ఒక ఓవెనూ పెట్టుకుని మోటార్‌సైకిల్ రిమ్ములు, కిటికీ గ్రిల్లులు చేస్తున్నా. ఇన్నేళ్లు గేజీల మధ్య బతికినవాడికి గాలి ఎంత పెట్టాలో తెలియదా అనుకుంటారు. నేనూ అట్టానే అనుకున్నా.

మొదటిరోజు సంగతి చెప్తా వినండి. గన్‌తో వచ్చిన కాగితంలో 0.05 ఎంపీఏ అని ఉంది. ఎంపీఏ అంటే మెగాపాస్కల్. నేను కొన్న రెగ్యులేటర్ (కంప్రెసర్ గాలిని కావాల్సినంతకు తగ్గించేది) గేజీ కూడా ఎంపీఏ గేజీయే, సున్నా నుంచి ఒకటి దాకా. కాగితమూ గేజీ ఒకే భాష మాట్లాడుతున్నాయి, ఇంకేం కావాలని సంబరపడ్డా. గేజీ మీద 0.2, 0.4, 0.6 అని అంకెలు. కళ్లద్దాలు ఇంట్లో పెట్టి వచ్చా. ముల్లును నాలుగుకీ ఆరుకీ మధ్యలో నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కా. టప్పుమంది. కప్పు ఊడి కాళ్ల దగ్గర పడింది. ముదురు నీలం పౌడర్ షెడ్డంతా లేచి, కిటికీలోంచి బయటికి పొయ్యి, నులకమంచం మీద మా ఆవిడ ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీద తీరిగ్గా దిగింది. (నవ్వులు) మీకు నవ్వుగానే ఉంటుంది. ఆ ఏడు మా ఇంట్లో వడియాల్లేవు, నాకు మాటల్లేవు.

పెట్టాల్సింది 0.05, నేను పెట్టింది 0.5. పదింతలు. టైర్లకు గాలి కొట్టే పీఎస్ఐ లెక్కలో చెప్తే, 7 పీఎస్ఐ పోవాల్సిన చోట 72 పీఎస్ఐ పోయింది. కారు టైరుకి కొట్టేదానికి రెండింతలు.

ఇందులో రెండు తప్పులున్నాయి. దశాంశ బిందువు తర్వాత ఒక సున్నా మింగేశానన్నది అందరికీ కనిపించే తప్పు. రెండోది అసలు తప్పు. ఆ గాలి ఎంత ఉంటుందో నా ఒళ్లు ఎరగదు. అంకె తెలుసు, గాలి తెలియదు. బస్తా ఎత్తేవాడికి పాతిక కేజీలంటే భుజానికి తెలుస్తుంది. 0.05 ఎంపీఏ అంటే మనకు ఏ భుజానికి తెలుస్తుంది? అందుకని ముందు ఒంటికి తెలిసేట్టు చెప్పుకుందాం.

మీ ఇంట్లో కుక్కర్ ఉంది కదా. ఈల వేసేటప్పుడు లోపల ఉండే ప్రెషర్ బయటి గాలి మీద సుమారు 1 కేజీ ఎక్కువ. చదరపు సెంటీమీటరుకి 1 కేజీ అని అర్థం. దాంట్లో సగం మన గన్‌కి చాలు. అర ఈల గాలి. ఏమ్మా, నువ్వు తల అడ్డంగా ఊపుతున్నావ్? "అంత తక్కువ గాలికి పౌడర్ బయటికి వస్తుందా" అంటావా? వస్తుందమ్మా, ఎందుకొస్తుందో చెప్తా, కాసేపు ఓర్చుకో.

ఇంకో లెక్క. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. ట్యాంకులో నీటి మట్టం నుంచి కింద కుళాయి దాకా 10 మీటర్ల ఎత్తుంటే ఆ కుళాయి దగ్గర ప్రెషర్ 1 కేజీ. ఎందుకంటే ఒక సెంటీమీటరు పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న గొట్టాన్ని 10 మీటర్ల ఎత్తున నీళ్లతో నింపితే ఆ నీళ్లు లీటరు అవుతాయి, లీటరు నీళ్లు కేజీ తూగుతాయి. అంతే, ఇంకే మర్మమూ లేదు. కాబట్టి అర కేజీ అంటే 5 మీటర్లు. ఒక అంతస్తు మిద్దె మీది ట్యాంకు నుంచి దొడ్లో కుళాయికి వచ్చేంత ప్రెషర్. కుళాయికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్లు ఆపలేదూ చిన్నప్పుడు? అదీ గన్ గాలి.

ఇప్పుడు పీఎస్ఐ సంగతి. చదరపు అంగుళం మీద ఒక పౌండు. పౌండంటే 454 గ్రాములు, చదరపు అంగుళమంటే ఆరున్నర చదరపు సెంటీమీటర్లకి రవ్వంత తక్కువ. భాగించి చూడండి, సెంటీమీటరు చదరానికి 70 గ్రాములు వస్తుంది. అంటే 1 పీఎస్ఐకి 70 సెంటీమీటర్ల నీళ్లు. 10 పీఎస్ఐకి 7 మీటర్లు. ఈ 70 అన్న అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి, కాసేపట్లో దాంతోనే పని. కేజీలో ఈ 70 గ్రాములు ఎన్నిసార్లు పడతాయి? 14 సార్లు, ఇంకాస్త. అందుకే 1 కేజీ అంటే 14.2 పీఎస్ఐ. బార్ అనేది కేజీకి కవలపిల్ల, రెండు శాతం పెద్దది. 1 బార్ అంటే 1.02 కేజీ, 14.5 పీఎస్ఐ. మన పనికి కేజీ, బార్ ఒకటేననుకున్నా కొంపేం మునగదు. నేను ఫ్యాక్టరీలో ఈ మాట అనుంటే మా ఇంజినీరు నన్ను గేటు దాటించేవాడు, అది వేరే సంగతి.

పాస్కల్ మరీ సన్నపిల్ల. రెండు కోడిగుడ్ల బరువును మీటరు పొడవు మీటరు వెడల్పు బల్ల మీద సమానంగా పరిచినంత. అట్టాంటివి లక్ష కలిస్తే 1 బార్. 100 కిలోపాస్కల్ 1 బార్, 10 బార్ 1 మెగాపాస్కల్. 1971 నుంచి ప్రపంచమంతా ఒప్పుకున్న పేరు ఇది. కానీ మన ఊళ్లో ఎవరు వాడతారు? పంచరు షాపులో "ముందర ముప్పై, వెనక ముప్పైరెండు కొట్టు" అంటాం, అది పీఎస్ఐ. బోరు కాడికి పైపు కొనేటప్పుడు "ఆరు కేజీల పైపు ఇవ్వు" అంటాం, అది కేజీ. డాక్టరు చేతికి పట్టీ చుట్టి 120 అంటే అది పాదరసం మిల్లీమీటర్లు, అంటే 2.3 పీఎస్ఐ. చైనా నుంచి వచ్చే రెగ్యులేటర్ ఎంపీఏ అంటుంది. ఒక్క మనిషి పొద్దున లేచి సాయంత్రంలోపు నాలుగు భాషల్లో గాలి కొలుస్తున్నాడు. తప్పెందుకు జరగదు?

నేనిప్పుడు చేసేది ఏందంటే, షెడ్డులో ఒకే భాష. పీఎస్ఐ. అంకెలు పెద్దగా ఉంటాయి, 7కీ 70కీ తేడా కంటికి ఆనుతుంది. 0.05కీ 0.5కీ తేడా కళ్లద్దాలుంటేనే ఆనుతుంది. ఏ కాగితం వచ్చినా ముందు మార్చి, గోడ మీద సుద్దముక్కతో పీఎస్ఐలో రాసి, అప్పుడు ట్రిగ్గర్ మీద చెయ్యి వేస్తా.

ఇక గేజీ చూపే సున్నా. దీని గురించి కొంచెం నిలబడి చెప్పాలి. ఖాళీ కంప్రెసర్ మీద ముల్లు సున్నా చూపిస్తుంది. ట్యాంకులో గాలి లేదా? ఉంది. బయట ఎంతుందో లోపలా అంతుంది. బయటి గాలి మన అందరి మీదా 1 బార్‌తో కూర్చునే ఉంది. గేజీ ఆ బరువును లెక్కలోకి తీసుకోదు, దాని మీద ఎంత ఎక్కువుందో అది మాత్రమే చెప్తుంది. ఈ బయటి గాలి బరువును మన మెట్ట రైతులు ఎప్పుడో కనిపెట్టారు. ఉదయగిరి పక్కన, కనిగిరి పక్కన లోతు బావులున్న చోట మోటారును గట్టు మీద పెట్టరు, బావిలో అరుగు కట్టి కిందికి దించుతారు. ఎందుకు? మోటారు నీళ్లను పీలుస్తుందని మనమనుకుంటాం గానీ, నిజానికి బయటి గాలే నీళ్లను పైకి తోస్తుంది. దాని బలం 10.3 మీటర్ల దాకానే. పైపు రాపిడి, లీకులు పోగా ఏడు మీటర్లు దాటితే మొరాయిస్తుంది. ఇటలీలో టారిచెల్లి అనే ఆయన 1643లో ఈ చిక్కు మీదే బుర్ర పెట్టి, నీళ్లకు బదులు పాదరసం గాజు గొట్టంలో పోసి చూశాడు. 76 సెంటీమీటర్ల దగ్గర నిలబడింది. ఇప్పటికీ డాక్టరు పాదరసం మిల్లీమీటర్లలో చెప్పేది ఆయన పుణ్యమే.

గన్‌కి గేజీ ప్రెషర్ తెలిస్తే చాలు, ఆ 1 బార్ కలపక్కర్లేదు. కలపాల్సిన చోటు ఒకటుంది, తేమ. సముద్రం మనకు ఇరవై కిలోమీటర్లలో ఉంది, తేమ సంగతి నేను మీకు చెప్పాలా? 30 డిగ్రీల వేడిలో గాలి ఒక ఘనపు మీటరుకి 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. ఎనభై శాతం తేమ ఉన్న రోజున 24 గ్రాములు మోస్తూనే ఉంటుంది. మీ 100 లీటర్ల కంప్రెసర్ ఖాళీగా మొదలై 8 బార్ చూపిస్తే, లోపలున్నది ఎనిమిదింతల గాలి కాదు, తొమ్మిదింతలు, బయటి ఒకటీ కలుపుకోవాలి. అంటే 900 లీటర్ల గాలి. దాంతో పాటు వచ్చిన ఆవిరి 21 గ్రాముల పైన. చల్లబడినాక 100 లీటర్ల చోటు మోయగలిగేది 3 గ్రాములు. మిగతా 18 గ్రాములు? ట్యాంకు అడుగున నీళ్లు. ఒక్కసారి నింపితేనే ఒక చిన్న గరిటెడు. పొద్దుట్నుంచీ రిమ్ములు చేసేవాడికి సాయంత్రానికి ఎంతవుతుందో చూసుకోండి. "నా పౌడర్ గడ్డ కడుతుందన్నా, పౌడర్ మంచిది కాదు" అని నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది ట్యాంకు కింద నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ విప్పి నెలలైంది.

ఇక్కడ ఒక కిటుకుంది, చాలామంది తిరగేసి పెడతారు. నీళ్లు పట్టే వాటర్ సెపరేటర్‌ను రెగ్యులేటర్‌కి ముందు పెట్టండి, ఎక్కువ ప్రెషర్ ఉన్న వైపు. గాలి అక్కడే నీళ్లు వదిలేస్తుంది. ఆ నీళ్లను అక్కడే ఆపేస్తే, అదే గాలి రెగ్యులేటర్ దాటి అర బార్‌కి వ్యాకోచించినప్పుడు తొమ్మిదింతలది ఒకటిన్నరింత అవుతుంది. నిండా తడిగా ఉన్న గాలి ఒక్కసారిగా పదిహేడు శాతం తేమకు పడిపోతుంది. ఎండిన గాలి ఊరికే వస్తుంది. రెగ్యులేటర్ తర్వాత సెపరేటర్ పెడితే ఈ లాభం ఉండదు. ఇంకోటి, కంప్రెసర్ పక్కనే సెపరేటర్ బిగించొద్దు. గాలి అప్పటికి వేడిగా ఉంటుంది, నీళ్లు ఇంకా ఆవిరిగానే దాటిపోతాయి. ఐదారు మీటర్ల ఇనుప పైపు నడిచి చల్లారినాక పట్టుకోవాలి.

పైపు అన్నాను కాబట్టి చెప్తున్నా. ఆరు కేజీలని రాసుంది కదా, ఐదు కేజీల గాలికి చాలదా అని బోరు పైపును కంప్రెసర్ లైనుకి వేస్తున్నారు. వద్దు. ఆ ఆరు నీళ్లకు రాసింది. నీళ్ల పైపు పగిలితే చొక్కా తడుస్తుంది, గాలి పైపు పగిలితే పీవీసీ పెంకులు కత్తుల్లా లేస్తాయి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

ఇప్పుడు ఈ అమ్మాయి అడిగిన ప్రశ్న. అర కేజీ గాలికి పౌడర్ ఎట్టా అంటుకుంటుంది? గాలి అంటించదమ్మా. అంటించేది కరెంటు. గన్ మూతి దగ్గర వేల వోల్టులు పౌడర్ రేణువుకి ఎక్కుతాయి, రిమ్ముకి ఎర్తింగ్ ఉంటుంది, రేణువు తనంతట తానే పొయ్యి అతుక్కుంటుంది. గాలి పని పౌడర్‌ను మేఘంలా విప్పి గుమ్మం దాకా దింపడం వరకే. లోపలికి పిలుచుకునేది ఎర్త్. గాలి ఎక్కువ పెడితే రేణువు రిమ్మును చూసేలోపే దాటిపోతుంది, అంటుకున్న దాన్ని కూడా వెనకొచ్చే గాలి ఊడ్చుకుపోతుంది. గ్రిల్లులో పువ్వు డిజైన్ మడతలుంటాయి చూడండి, అక్కడ విద్యుత్ క్షేత్రం లోపలికి దూరదు, పౌడర్ అంచుల మీదే పేరుకుంటుంది. చాలామంది అక్కడ కోపంతో గాలి పెంచుతారు. నేను తగ్గిస్తా. 5కి దించి, మూతిని పక్కనుంచి పెట్టి, పౌడర్‌ను పొగలాగా వదిలితే మడతలోకి మెల్లగా పోతుంది. కాగితం ఏం చెప్పిందో అదే మొదటి మాట, కానీ నేను చూసిన చిన్న కప్పు గన్‌లు 5 నుంచి 10 పీఎస్ఐ మధ్యనే బాగా పనిచేస్తాయి. పైగా గాల్లో తేలే పౌడర్ అంటుకునే సరుకు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. నా వడియాల మీద పడినంత మేఘం ఒక పొయ్యి పక్కన లేచుంటే ఈపాటికి నేను మీ ముందు ఉండేవాణ్ణి కాదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. కావాల్సింది 7 పీఎస్ఐ. మన గేజీలు చూపించేది 0 నుంచి 10 బార్, అంటే 145 పీఎస్ఐ దాకా. బియ్యం బస్తాలు తూచే కాటా మీద బంగారం తూచినట్టు. చవక గేజీలకు తప్పు రెండున్నర శాతం దాకా ఉండొచ్చు. 7లో రెండున్నర శాతం కాదు సామీ, మొత్తం స్కేలులో రెండున్నర శాతం! 10 బార్ గేజీలో అది పావు బార్, అంటే మూడున్నర పీఎస్ఐ. మీ ముల్లు 7 చూపిస్తుంటే నిజంగా పోతున్నది మూడున్నర కావచ్చు, పదిన్నర కావచ్చు. "నిన్న బాగొచ్చిందన్నా, ఇయ్యాల అదే గాలికి రావట్లేదు" అంటారే, అదే గాలి అని ఎవరు చెప్పారు? ఆ ముల్లేగా!

గేజీ లోపల ఏముందో చూడండి, ఈ పగిలింది అందుకు పనికొచ్చింది. ఈ వంకర ఇత్తడి గొట్టం కనిపిస్తుందా? తిరునాళ్లలో పిల్లలు ఊదే కాగితం బూర, చుట్ట చుట్టుకుని ఉండి ఊదితే విచ్చుకుంటుందే, అదే ఇది. గాలి లోపలికొస్తే గొట్టం కాస్త విచ్చుకుంటుంది, ఆ కాస్తనే పళ్లచక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. 1849లో ఫ్రాన్సులో బూర్డాన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతి, ఇవాళ్టికీ ఇదే. 10 బార్‌కి తయారైన గొట్టం మందంగా ఉంటుంది, అర బార్‌కి అది ఒళ్లు కూడా విరుచుకోదు. పైగా ఇదిగో, సున్నా దగ్గర ఈ చిన్న మేకు. ముల్లు దీనికి ఆనుకుని పడుకుంటుంది. గొట్టం వంగిపోయినా, స్ప్రింగు అలసిపోయినా మనకు సున్నాలాగే కనిపిస్తుంది.

అందుకని 0 నుంచి 30 పీఎస్ఐ గేజీ కొనండి. దాని తప్పు ముప్పావు పీఎస్ఐ లోపు. కానీ దాన్ని 8 బార్ ఎదురుగా నేరుగా పెడితే ఒక్క దెబ్బకు చస్తుంది. నేను రెండు రెగ్యులేటర్లు వరసగా పెట్టా. మొదటిది 8 బార్‌ను 30 పీఎస్ఐకి తెస్తుంది, రెండోది 30ని 7కి తెస్తుంది, చిన్న గేజీ రెండోదాని తర్వాత. కంప్రెసర్ ఆగినా తిరిగినా ముల్లు కదలదు. ఖర్చు ఎక్కువే. వడియాల ఖర్చు కంటే తక్కువ.

ట్రిగ్గర్ వదిలి చూసిన అంకెను నమ్మొద్దు. గాలి ఆగి ఉన్నప్పుడు 10 ఉంటుంది, నొక్కితే 6కి దిగుతుంది. సన్నటి గొట్టం పొడుగ్గా ఉంటే ఇంకా దిగుతుంది. నొక్కి పట్టుకుని, గాలి పారుతుండగా నాబ్ తిప్పి సర్దుకోవాలి. ఎక్కువైతే పూర్తిగా తగ్గించి మళ్లీ కిందనుంచి పైకి రావాలి, పైనుంచి కిందికి దించుతూ ఆపితే రెగ్యులేటర్ అబద్ధం చెప్తుంది.

సరే, గేజీ నిజం చెప్తుందో లేదో ఎట్టా తెలుసుకోవాలి? ల్యాబ్‌కి పంపనక్కర్లేదు. మేస్త్రీలు మట్టం చూసే తెల్ల ట్యూబు ఉంది కదా, అది 10 మీటర్లు తెచ్చా. కింద చివర గేజీ బిగిస్తాం, క్లిప్పు గట్టిగా. రెండో చివర మేడ పిట్టగోడ మీద. బుడగల్లేకుండా నీళ్లు నింపి, గేజీ మధ్య నుంచి నీటి మట్టం దాకా టేపు పెట్టి 7 మీటర్లకు సర్దుతాం. ఇందాక గోడ మీద రాసుకున్న 70 అంకె గుర్తుందా? గేజీ 10 పీఎస్ఐ చూపించాలి. మూడున్నర మీటర్లకు దించితే 5. నీళ్లు అబద్ధం ఆడవు, వాటికి ఏ కంపెనీ ముద్రా అక్కర్లేదు. మా ఇంటి దగ్గర చేసినప్పుడు నా పాత 10 బార్ గేజీ ముల్లు 7 మీటర్ల నీళ్లకు మేకును వదిలి లేవనే లేదు. కొత్త 30 పీఎస్ఐది తొమ్మిదిన్నర చూపించింది. ఆ అర తేడాను దాని అద్దం మీద మార్కర్‌తో రాసేశా, ఇప్పటికీ ఉంది.

ఒకటే జాగ్రత్త, అయిపోయినాక గేజీలో నీళ్లు మిగలనివ్వొద్దు. బోర్లించి విదిలించి ఒక పూట ఎండలో పెట్టండి.

ఈ బల్ల మీద పధ్నాలుగు గేజీలున్నాయి. పగిలింది పోను పదమూడు. అబ్బయ్యా, ఆ ట్యూబు చుట్ట విప్పి పైకి తీసుకుపో, మడత పడకుండా చూసుకో. బకెట్టుకి నీళ్లు ఎవరు పడతారు? టేపు నా దగ్గరుంది. కళ్లద్దాలు కూడా తెచ్చుకున్నా ఈసారి.